ఏడు కోట్ల ముప్పై తొమ్మిది లక్షల సవతి

అరుంధతికి సవతి ఉందన్న సంగతి చిక్కడపల్లిలో ఆ గల్లీ మొత్తానికీ తెలుసు. సవతి పేరు ఏడు కోట్ల ముప్పై తొమ్మిది లక్షల ముప్పై తొమ్మిది వేల నూట ముప్పై మూడు. అంత పేరు పెట్టి పిలిచే ఓపిక ఎవరికుంటుంది? అందుకని ఆవిడ ముద్దుగా "అది" అంటుంది. "తెల్లారంగనే అది యాదికొచ్చిందా?" అంటూ మొగుడి ముందు చాయ్ గ్లాసు కాస్త చప్పుడయ్యేటట్టే పెడుతుంది.

ఆ మొగుడు ధర్మారావు. నారాయణగూడలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి చెప్పి రిటైరైన మనిషి. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ సిలబస్సు అడ్డం పడి తన సంఖ్య గురించి పిల్లలకు చెప్పుకోలేకపోయాడు. రిటైరయ్యాక సిలబస్సు పీడ వదిలింది, దాంతోపాటే పిల్లలూ వదిలారు. వినడానికి ఇక మిగిలింది అరుంధతి ఒక్కతే.

ఇంతకీ ఆ సంఖ్య చేసిన ఘనకార్యం ఏమిటంటారా? అంకెల్లో రాస్తే అది 73939133. ఒకటితోనూ తనతోనూ తప్ప ఇంక దేనితోనూ భాగం పోదు. అలాంటివాటిని ప్రధాన సంఖ్యలంటారని బళ్ళో అందరం చదువుకున్నాం, ఆ మర్నాడే అందరం మరిచిపోయాం కూడా. సరే, ప్రధాన సంఖ్యలు కోకొల్లలు, ఇందులో విశేషం ఏముంది? విశేషం తోకలో ఉంది. చివరి 3 కొట్టేయండి, మిగిలిన 7393913 కూడా ప్రధానమే. ఇంకో అంకె కొట్టేయండి, మిగిలినదీ ప్రధానమే. అలా కుడివైపు నుంచి ఒక్కొక్క అంకే తీసేసుకుంటూ 73 దాకా, 7 దాకా వచ్చినా సరే, దాని ప్రాధాన్యం చెక్కు చెదరదు. మన పెద్దమనుషుల్లో ఎవరికైనా పదవి తీసేసి, కారు తీసేసి, చివరికి పేరు ముందరి డాక్టరు కూడా తీసేసి చూస్తే తెలుస్తుంది, ఇదెంత కష్టమైన పనో.

పెళ్ళయిన కొత్తలో ఒకరోజు ధర్మారావు వంటింటి గుమ్మంలో నిలబడి, "నీకొక ప్రధానం సంగతి చెప్తా" అన్నాడు. ఆడపడుచుకు పెళ్ళి కుదిరి ప్రధానం ఖాయమైంది కాబోలు, ఏ చీర పెట్టాలో అనుకుంటూ అరుంధతి సంబరంగా పీట జరుపుకొని కూర్చుంది. అప్పుడామె బీరకాయ కోస్తోంది. ఆయన పక్కన గొంతుక్కూర్చుని, ఇక్కడ కోసినా ప్రధానమే, ఇదిగో ఇక్కడ కోసినా ప్రధానమే అని వేలు పెట్టి చూపిస్తూ పోయాడు. 73939 దాకా వచ్చేసరికి బీరకాయ అయిపోయింది. "ఇగ చాలు, నూనె కాగుతున్నది" అని ఆవిడ లేచింది. ఆ తరువాత ఇన్నేళ్ళలో ఆయన ఎన్నిసార్లు మొదలుపెట్టినా అరుంధతి 73939 దాటనిచ్చింది లేదు. అక్కడికి రాగానే పాలు పొంగేవి, లేకపోతే కుక్కర్ కూత పెట్టేది, అదీ లేకపోతే ఆవిడే పెట్టేది.

ఇంట్లో చెల్లకపోయేసరికి ధర్మారావు బయట పడ్డాడు. చిక్కడపల్లిలో సాయంత్రమైతే ఎక్కడో ఒక హాల్లో ఎవరో ఒకరికి శాలువా కప్పకుండా పొద్దు గడవదు. కప్పేవాళ్ళకు కరువు లేదు, కప్పించుకునేవాళ్ళకు అసలే లేదు, ఫోటోలు తీసేవాళ్ళయితే ఒకరి మీద ఒకరు పడుతుంటారు. కరువల్లా కూర్చుని వినేవాళ్ళకే. ఆ కరువును ధర్మారావు ఒంటిచేత్తో తీరుస్తూ వచ్చాడు. మూడో వరసలో కూర్చుని, కవిత్వమైతే తల ఊపుతూ, పాటయితే తొడ మీద తాళం వేస్తూ, సన్మానమైతే చప్పట్లు కొడుతూ బోలెడన్ని సాయంత్రాలు ధారపోశాడు. రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైన ఒకాయన తన ఖండకావ్యం మొత్తం చదువుతుంటే హాల్లో మెలకువగా ఉన్నది ఈయన, పైన పంకా, అంతే.

"నేను వాళ్ళకు పోతే రేపు వాళ్ళు నాకు వస్తరు" అనేవాడు.

"వాళ్ళు వచ్చేది శాలువాకండి. మీ తాన శాలువా ఏడున్నది?" అనేది అరుంధతి.

ఒకరోజు అలా అన్నప్పుడు ఆయన రోజూలాగ నవ్వలేదు. చెప్పులు విప్పుకుంటూ, "ఒక్క గంట చాలు అరుంధతీ. మైకు ముందర నిలబడి, ఎవ్వరు నడుమల ఆపకుండ, దాని గురించి ఆఖరుదాక చెప్పాలె. అంతకన్న నాకేం కోరికల్లేవు" అన్నాడు. నడుమ ఆపేది ఎవరో ఆయన పేరు పెట్టి అనలేదు. అయినా ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆ రాత్రి ఆవిడకు అన్నం సయించలేదు. తెల్లవారగానే, "పోయి ఆ కాశీవిశ్వనాథం గారిని అడగరాదు, రోజూ ఎవరికో ఒకరికి సభ పెడుతనే ఉంటడు గద" అని తనే అంది.

కాశీవిశ్వనాథం అంటే నిత్యోత్సవ కళాసమితికి వ్యవస్థాపక అధ్యక్షుడు, ప్రధాన కార్యదర్శి, కోశాధికారి. సమితిలో నాలుగో పదవి ఉంటే అది కూడా ఆయనే తీసుకునేవాడు. ధర్మారావు చెప్పిందంతా విని గడ్డం గోక్కున్నాడు.

"పుస్తకం గాదు, పాట గాదు, సంఖ్య మీద సభనా?"

"ప్రధాన సంఖ్య సార్."

"ప్రధానమైనదైతే పెడదాం, దానికేంది. గని స్టేజీ మీద మాత్రం ఒక ముఖ్య అతిథి, ఒక విశిష్ట అతిథి, ఒక గౌరవ అతిథి, ఒక ఆత్మీయ అతిథి ఉండాలె. అధ్యక్షత ఎట్లాగూ నేనే."

"వాళ్ళు ఏం జేస్తరు సార్?"

"కూసుంటరు. లేకుంటే స్టేజీ బోసిపోతది." కాశీవిశ్వనాథం కళ్ళు మూసుకుని కొంచెంసేపు ధ్యానించాడు. "మీ పేరు ముందర ఏమన్న తగిలియ్యాలె గద. సంఖ్యా సార్వభౌమ అంటే ఎట్లుంటది?"

"ఏం తగిలియ్యకున్రి సార్. ఉన్నది ఉన్నట్టు ఉంటే చాలు" అన్నాడు ధర్మారావు. ఫ్లెక్సీ కోసం ఒక కాగితం మీద గుండ్రటి అక్షరాలతో రాసిచ్చాడు. 73939133 - ఒక ప్రధాన సంఖ్య. ప్రసంగం: ధర్మారావు. ప్రవేశం ఉచితం. అంతే. కాశీవిశ్వనాథం ఆ కాగితాన్ని ఫ్లెక్సీలు వేసే బాలప్పకు ఫోన్లోనే చదివి వినిపించేశాడు. ఆయనకున్న సభల ఒత్తిడి అలాంటిది మరి.

అది 2012 ఎండాకాలం. బందూ రాస్తారోకో లేని సాయంత్రం చూసి హాలు మాట్లాడారు. ఆ రోజు పొద్దున్నే ధర్మారావు ఆకలి లేదన్నాడు. అరుంధతి పూలకూ పండ్లకూ బయలుదేరి అశోక్ నగర్ మీదుగా నడిచింది. అశోక్ నగర్‌లో కరెంటు స్తంభం కనపడదు, దానికి కట్టిన కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలే కనపడతాయి. గ్రూప్ టూ కొట్టినవాళ్ళ మొహాలు, కొట్టించినవాళ్ళ మొహాలు, కొట్టిస్తామంటున్నవాళ్ళ మొహాలు. వాటి మధ్య చౌరస్తాలో కాశీవిశ్వనాథం మొహం చూసి ఆవిడ ఆగింది.

కాశీవిశ్వనాథం నిలువెత్తున నమస్కారం పెడుతున్నాడు. ఆయన చుట్టూ నలుగురు అతిథులు గుండ్రటి చట్రాల్లో నవ్వుతున్నారు. ప్రసంగం అన్న మాట ఆత్మీయ అతిథి తలపాగా కింద పడి చచ్చిపోయింది. కళాసమితి పేరేమో చీమకు కూడా కళ్ళద్దాలు కావాల్సినంత చిన్న అక్షరాల్లో ఉంది. ఇక మిగిలి, దారినపోయేవాళ్ళకు కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నవి మూడే వరసలు.

ధర్మారావు సార్
ప్రవేశం ఉచితం
ప్రధాన సంఖ్య: 040-73939133

అరుంధతి అక్కడికక్కడే కాశీవిశ్వనాథానికి ఫోన్ చేసింది. "ఏంది సార్ ఇది? దాని ముందర సున్న నాలుగు సున్న ఎందుకు పెట్టిన్రు?"

"మరి కోడ్ పెట్టకుంటే ఎట్ల కలుస్తదమ్మా? ఎనిమిదంకెలున్నది, ల్యాండ్‌లైనే గద. బాలప్పనే యాది జేసి పెట్టిండు, మంచి హుషారు మనిషి."

"అయ్యో, అది ఫోన్ నంబర్ గాదండి!"

"మరేంది?"

"సంఖ్య!"

"అదేనమ్మా నేననేది. నంబర్ అనకుండ శుద్ధమైన తెలుగుల సంఖ్య అని రాయించిన్రు మీ సారు, నాకెంత సంతోషమైందో!"

ఆవిడ నెత్తి కొట్టుకుంది. స్టేజీ మీద కట్టే ఫ్లెక్సీకైనా ఆ ముందు ముక్క మీద కాగితం అంటించమని బతిమాలింది. చూద్దామమ్మా అన్నాడాయన. ఫోన్ పెట్టేశాక ఆవిడకేం బుద్ధి పుట్టిందో, ఫ్లెక్సీ మీది నంబరు మొత్తం నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. ఒక ఆడగొంతు మహా మర్యాదగా చెప్పింది. మీరు డయల్ చేసిన నంబరు మనుగడలో లేదు. దయచేసి సరిచూసుకోండి.

అరుంధతి చౌరస్తాలో నిలబడి పడీ పడీ నవ్వింది. ఇన్నేళ్ళుగా తను ఎన్ని శాపనార్థాలు పెట్టినా చావని సవతిని ఆ ఫోనులో పిల్ల ఒక్క ముక్కలో తేల్చి పారేసింది. ఈ మాట ఇంటికి పోయి మొగుడితో చెప్పి, ఆయన మొహం ఎలా మాడిపోతుందో కళ్ళారా చూడాలనుకుంటూ గబగబా నడిచింది.

ఇంటికి వెళ్ళేసరికి ధర్మారావు తెల్ల చొక్కా తానే ఇస్త్రీ చేసుకుని, తొడుక్కుని, అద్దం ముందు నిలబడి ఉన్నాడు. అద్దంలోని తనకే నమస్కారం పెట్టి, "సభకు నమస్కారం. ఈ పొద్దు మీకొక సంఖ్యను పరిచయం చేస్త" అన్నాడు. తరవాతి ముక్క మరిచిపోయాడు. నీళ్ళు తాగి మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు. అరుంధతి ఫ్లెక్సీ సంగతి ఎత్తలేదు. "వంకాయ చేస్తున్న, తింటరా?" అని మాత్రం అడిగింది.

సాయంత్రం ఆవిడ హాలుకు వెళ్ళింది. ఆవిడ భయమల్లా ఖాళీ కుర్చీల గురించి. పక్కింటివాళ్ళను పిలిచింది, కవాడిగూడలో ఉన్న చెల్లెలిని పిలిచింది. అందరూ తప్పకుండా వస్తామన్నారు కాబట్టి ఎవరూ రారని ఆవిడకు తెలుసు. తీరా తలుపు తోసి చూస్తే ఏముంది, హాలు కిటకిటలాడుతోంది! కుర్చీలు నిండిపోయాయి. బ్యాగులు ఒళ్ళో పెట్టుకుని, పెన్నులు బయటికి తీసి, ఎక్కడెక్కడి పిల్లలో బుద్ధిగా కూర్చున్నారు. గోడకానుకుని నిలబడ్డవాళ్ళు కూడా ఉన్నారు. వ్యవస్థాపక అధ్యక్షుడు కళ్ళు నులుముకుని, ఇది తన సభేనా కాదా అని కిందికి పోయి బోర్డు చూసి వచ్చాడు.

స్టేజీ మీద ధర్మారావు మొహం వెలిగిపోతోంది. నేను చెప్పలేదా అన్నట్టు కళ్ళతోనే భార్యకు సైగ చేశాడు. ఆయన వీపు వెనకాలే ఫ్లెక్సీ. దానికి కాగితం గీగితం ఏమీ అంటించలేదు. తిరిగి చూడకుంటే బాగుండునని దేవుడికి మొక్కుకుంటూ అరుంధతి రెండో వరసలో తన కోసం ఆపిన కుర్చీలో, ఒక అమ్మాయి పక్కన కూర్చుంది.

"మీరు ఏ గ్రూపుకు ఆంటీ?" అడిగింది ఆ అమ్మాయి.

"గ్రూపేంది?"

"కోచింగుకు. ప్రవేశం ఉచితమని రాసిన్రు గద, అరిథ్మెటిక్‌కు. ధర్మారావు సారు బాగ చెప్తడట, మా లైబ్రరీల పిల్లలందరు అంటున్నరు. పొద్దుగాల నుంచి ఆ నంబరుకు చేసి చేసి యాష్టకొచ్చింది. మనుగడల లేదంటది. ఇగ చేసేదేంలేక మనిషినే వచ్చిన."

ఆ అమ్మాయి పేరు అనిత. వాళ్ళ నాయన పీరయ్య పాలమూరు నుంచి వచ్చి కవాడిగూడ బస్తీలో ఉంటూ సెంట్రింగ్ పని చేస్తాడు. కోచింగ్ సెంటర్ల గడప తొక్కే స్తోమత లేక ఆ పిల్ల చిక్కడపల్లి లైబ్రరీలోనే చదువుకుంటోంది. మిగతావన్నీ బానే వస్తాయట, లెక్కల దగ్గరే పోతోందట. ఇదంతా అడగకుండానే గడగడా చెప్పేసింది. అరుంధతికి అప్పుడు అర్థమైంది. ఇంత జనం సంఖ్యను చూడడానికి రాలేదు. ఆ సంఖ్యకు ఫోన్ కలవక వచ్చారు!

ఇప్పుడు నిజం చెబితే ఈ పిల్ల లేస్తుంది. ఈ పిల్ల లేస్తే వరస లేస్తుంది. వరస లేస్తే హాలు లేస్తుంది. స్టేజీ మీద తెల్లచొక్కా వేసుకుని కూర్చున్న మనిషి మిగులుతాడు.

"క్లాసులెప్పుడు మొదలైతయో మీకేమన్న ఎరికనా ఆంటీ?"

"అన్ని ఆఖర్ల చెప్తరు. కూసోని విను" అంది అరుంధతి. సవతి కోసం అబద్ధమాడిన మొదటి ఆడది తనేనేమో అనిపించి తన మీద తనకే ఒళ్ళు మండింది.

సభ మొదలైంది. నిండిన హాలును జన్మలో మొదటిసారి చూసిన కాశీవిశ్వనాథం మైకును వదల్లేదు. ఆయన చేతిలోంచి దాన్ని ముఖ్య అతిథి లాక్కున్నాడు. సున్నాను ప్రపంచానికి ఇచ్చింది మనమే కదా, ఇచ్చాక మనకేం మిగిలిందని ప్రశ్నించి, జవాబు చెప్పకుండా తన విదేశయాత్ర వినిపించాడు. విశిష్ట అతిథి ధర్మారావు గారి కవిత్వంలోని ఆర్ద్రతను కొనియాడాడు. ధర్మారావు బిత్తరపోయి చూశాడు. గౌరవ అతిథి, సమయాభావం వల్ల ఒక్క పద్యంతో ముగిస్తానని శతకం అందుకున్నాడు. పిల్లలు పాపం నోరు మెదపకుండా విన్నారు. కోచింగ్ సెంటర్లలో మొదటి రోజు మోటివేషన్ క్లాసు ఇలాగే ఉంటుంది కాబట్టి వాళ్ళకు అనుమానం రాలేదు. నలుగురు అతిథులూ నాలుగు శాలువాలు కప్పించుకుని, ఇంకో సభలో ఇంకో నాలుగు శాలువాలు ఎదురుచూస్తున్నాయని చెప్పి లేచి వెళ్ళిపోయారు. కాశీవిశ్వనాథం వాళ్ళను సాగనంపడానికి వెంటబడ్డాడు. ఎనిమిదింటికి లైట్లు బంద్ చేస్తానని హాలు మనిషి తలుపు దగ్గర నుంచి గడియారం చూపించాడు. గంట అనుకున్నది పావుగంటకు వచ్చింది.

ధర్మారావు ఇంటినుంచి తెచ్చుకున్న నల్లగుడ్డ బోర్డును బల్లకు తగిలించాడు. సుద్దముక్కతో ఎనిమిది అంకెలూ రాశాడు. అన్నీ గుండ్రంగా కుదిరాయి. అది చూసి అరుంధతి ఊపిరి పీల్చుకుంది.

"సభకు నమస్కారం. ఈ పొద్దు మీకొక సంఖ్యను..."

"సార్!" వెనక నుంచి ఒక కుర్రాడు లేచాడు. "మెటీరియల్ తెలుగు మీడియంల ఇస్తరా సార్?"

"ఏం మెటీరియల్ బాబూ?"

"కోచింగ్ మెటీరియల్ సార్. ఫ్లెక్సీ మీద ఉన్నది గద, ప్రవేశం ఉచితమని. ఆ ఫోన్ నంబర్ గూడ జర సరిగ్గ చెప్పున్రి, అది కలుస్తలేదు."

"ఏ ఫోన్ నంబర్?"

హాలంతా చెయ్యెత్తి ఆయన వీపు వెనక్కి చూపించింది. ధర్మారావు తిరిగాడు. ఫ్లెక్సీని పై నుంచి కిందికి చదివాడు. ఎంతసేపటికీ ఇటు తిరగలేదు. అరుంధతికి ఏడుపొచ్చినంత పనైంది. పొద్దున్నే చెప్పేస్తే పోయేది, ఇంతమందిలో ఈ అవమానం తప్పేది, తన నోటికి ఎప్పుడు తాళం పడాలో అప్పుడు పడదు, పడకూడనప్పుడు పడుతుంది అనుకుంది.

ధర్మారావు ఇటు తిరిగాడు. మొహం ఎర్రగా ఉంది.

"నలభై రెండు!" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు.

"అంకెలన్ని కూడితే నలభై రెండు! మూడుతోటి భాగం పోతది!" ఆయన గొంతు మైకు లేకుండానే హాలంతా మోగింది. "ఎవరు పెట్టిన్రు దీని ముందర సున్న నాలుగు సున్న? సక్కటి ప్రధాన సంఖ్యను తీస్కపోయి మూడు ముక్కలు జేసిన్రు గదా! కాలేజీల చదివిన మనుషులేనా? దీనికి ఏది తగిలియ్యరాదు. ముందర వీళ్ళు తగిలిస్తే ఇట్లయింది. ఎనక తగిలిస్తరా? ఒకటి పెట్టున్రి, తొమ్మిది పెట్టున్రి, మీ ఇష్టం, ఏది పెట్టినా ప్రధానం గాకుంట పోతది. ఇట్ల తోక తెంపుకుంట బతికే సంఖ్యలల్ల ఇదే ఆఖరుది. దీనికన్న పెద్దది ఇగ లేదు. తీసేస్తే ఓర్చుకుంటది, తగిలిస్తే ఓర్చుకోదు!"

ఇన్నేళ్ళలో ఈ ముక్క అరుంధతి చెవిన పడడం ఇదే మొదటిసారి. బీరకాయ అయిపోకుండా ఉంటే ఆనాడే వినేదాన్ని కదా అనిపించింది.

"అంటే కోచింగ్ లేదా సార్?" అన్నాడు కుర్రాడు.

"లేదు బాబూ. ఇదే ఉన్నది."

వెనక వరస లేచింది. కుర్చీలు కిర్రుమన్నాయి. ధర్మారావు ఒక్క క్షణం ఆ వరసను చూశాడు. తరవాత వేలితో బోర్డు మీది చివరి 3 తుడిచేసి, "ఇప్పుడు గూడ ప్రధానమే" అన్నాడు. ఇంకో వరస లేచింది. ఆయన ఇంకో అంకె తుడిచాడు. "ప్రధానమే." గోడకానుకున్నవాళ్ళు తలుపు దగ్గర ఒకరినొకరు తోసుకుంటున్నారు. "ప్రధానమే" అన్నాడాయన, ఎవరో వింటున్నట్టే. ఎవరినీ ఆగమనలేదు. పోతున్నవాళ్ళు పోతుంటే చివరి అంకెను తుడుచుకుంటూ పోయాడు.

అనిత బ్యాగు భుజాన వేసుకుని లేచి అరుంధతిని నిలదీసినట్టు చూసింది. "ఆఖర్ల చెప్తరంటిరి గద ఆంటీ."

"అబద్ధం చెప్పిన బిడ్డా" అంది అరుంధతి. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. "ఆయన మా ఇంటాయన. హాలు ఖాళీ అయితదని చెప్పిన. నా మాట విను, రేపటి సంది పొద్దున ఇంటికి రా. లెక్కలు నీకు ఆయన చెప్తడు. పైసలేం వద్దు. ఫ్లెక్సీ మీద రాసిందే, ప్రవేశం ఉచితం."

పిల్ల నమ్మీ నమ్మనట్టు నిలబడింది. "మరి ఫోన్ నంబరు?"

అరుంధతి ఇంటి నంబరు చెప్పింది. "ఇది మనుగడల ఉన్నది. చేస్తే నేనే ఎత్తుత" అంది. అనిత అక్కడే నంబరు నొక్కి పెట్టుకుని, నాయన ఎదురుచూస్తుంటాడంటూ వెళ్ళిపోయింది.

హాలు ఖాళీ అయింది. బోర్డు మీద 7 ఒక్కటే మిగిలింది. ధర్మారావు సుద్దముక్క బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుని, కుర్చీల వంక చూశాడు. రెండో వరసలో అరుంధతి ఉంది. ఇంక ఎవరూ లేరు.

"ఒక్కరే మిగిలిన్రు" అన్నాడు, నవ్వబోయి. బోర్డు వంక తిరిగాడు. "ఒకటి ప్రధాన సంఖ్య గాదు అరుంధతీ. దాన్ని లెక్కలకే తీసుకోరు."

అరుంధతి కొంగు బిగించి లేచింది. మెట్లెక్కి స్టేజీ మీదికి వచ్చింది. ముఖ్య అతిథి కూర్చున్న కుర్చీని చర్రున ఈడ్చి బోర్డుకు ఎదురుగా వేసి, దాని మీద వాలిన బంతిరేకులు దులిపి, కూర్చుంది. తలుపు దగ్గర హాలు మనిషి ఏదో అనబోతే, "నువ్వు జర ఆగన్న, సభ ఇంక కాలేదు" అని కసిరింది. అతను స్విచ్చు మీద చెయ్యి తీసేశాడు.

"మీరొకరు, నేనొకరు. రెండు" అంది మొగుడితో. "అదన్న అయితదా, కాదా?"

ధర్మారావు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"రెండు అయితది" అన్నాడు. "సరి సంఖ్యలల్ల ప్రధానమయ్యేది అదొక్కటే."

"అయితే సరి" అంది అరుంధతి. "మొదటి నుంచి చెప్పున్రి."